రేకుల గదిలో 4.5 గిగాహెర్ట్జ్

నా మొదటి పీసీని సంక్రాంతి సెలవుల్లో నేనే బిగించుకున్నా. నరసరావుపేటలో మా ఇంటి మేడ మీద రేకుల గదే నా ల్యాబ్. రైజెన్ 5 5600 ప్రాసెసర్, రెండు 8 జీబీ రామ్ స్టిక్కులు, కొంచెం పెద్ద ఎయిర్ కూలర్. డబ్బులు నాన్నవి. ఆయనది మోటార్ వైండింగ్ షాపు. ఎన్ని కాలిన కాయిళ్లు విప్పి మళ్లీ చుడితే ఆ డబ్బులు వచ్చాయో నాకు తెలుసు.

రామ్ డబ్బా మీద 3200 అని ఉంది. ఆన్ చేస్తే బయోస్‌లో 2133 కనిపించింది. మోసపోయాననుకున్నా. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేనే ఆ స్పీడ్ వస్తుందని తర్వాత తెలిసింది. అదీ 1.2కి బదులు 1.35 వోల్టులతో. అంటే అది కూడా ఓవర్‌క్లాకింగే! ఆన్ చేశా, బాగానే నడిచింది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసమే లేదు.

రామ్‌ని 3600కి లాగాను. ప్రాసెసర్ ఆరు కోర్లనీ 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర లాక్ చేశా. జనవరి రాత్రి, గదిలో 24 డిగ్రీలు. ఫుల్ లోడ్‌లో ప్రాసెసర్ 74. మెమ్‌టెస్ట్ ఒక్క పాస్ నడిపితే ఎర్రర్లు సున్నా. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టా.

ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ రివ్యూ. మా టీమ్‌లోని గురజాల ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన డేటాని నా పీసీలో కలిపి జిప్ చేశా. రివ్యూ రోజు ఆ జిప్ ఓపెన్ కాలేదు. "నీ డొక్కు పెన్‌డ్రైవ్ వల్లే" అని అందరి ముందూ అనేశా. వాడు ఏమీ మాట్లాడకుండా పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకున్నాడు.

మే వచ్చింది. ఎండల వార్తల్లో ఎప్పుడూ పేరు వినిపించే రెంటచింతల మా జిల్లాదే. నా గదిలో 41 డిగ్రీలు. నాన్న పైకొచ్చి, మోటార్‌ని చూసినట్టే క్యాబినెట్ మీద చెయ్యి ఆనించారు.

"ఏందిరా, ఇట్టా కాలతంది? ఎప్పుడు టెస్ట్ చేశా?"

"జనవరిలో నాన్నా, రాత్రిపూట."

"షాపుకొచ్చే మోటార్లన్నీ చలికాలం బాగా ఆడినయ్యేరా."

ఆ మధ్యాహ్నం రెండింటికి మళ్లీ టెస్ట్ పెట్టా. ప్రాసెసర్ 91కి పోయింది. దానికి కంపెనీ పెట్టిన హద్దు 90. ఎయిర్ కూలర్ గది గాలితోనే చల్లబరచాలి కదా, గదిలో పెరిగిన 17 డిగ్రీలూ ప్రాసెసర్ మీదే పడ్డాయి. మెమ్‌టెస్ట్ మూడో పాస్‌లో ఎర్ర గీతలు.

రామ్‌లో ఒక్కో బిట్టూ ఒక చిట్టి కెపాసిటర్‌లోని ఛార్జి. చిల్లుకుండలో నీళ్లలా కారిపోతూనే ఉంటుంది. అందుకే 64 మిల్లీసెకన్లలోపు మళ్లీ నింపుతూ ఉండాలి. వేడికి ఇంకా తొందరగా కారుతుంది. పైగా స్పీడ్ పెంచి, దాని పనికి ఉన్న టైమ్ నేను తగ్గించా. ప్రాసెసర్ తట్టుకోలేకపోతే చాలాసార్లు సిస్టమే ఆగిపోతుంది, మనకి తెలుస్తుంది. రామ్‌లో ఒక బిట్ తప్పితే అన్నీ మామూలుగానే నడవచ్చు. ఆ తప్పే ఫైల్‌లోకి సేవ్ అయిపోతుంది.

మీరూ చేయాలనుకుంటే నా మాట వినండి. ముందు ఫైళ్లన్నీ వేరే చోట కాపీ పెట్టుకోండి. ఒకసారి ఒక్కటే మార్చండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. వోల్టేజ్‌తో జాగ్రత్త. 1.2 నుంచి 1.3కి పెంచితే, స్పీడ్ మార్చకపోయినా ప్రాసెసర్ తీసుకునే పవర్ దాదాపు 17 శాతం పెరుగుతుంది. మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లూ పూర్తి కానివ్వండి, అదీ మిట్టమధ్యాహ్నం. అసలు ఆన్ కాకపోతే కంగారొద్దు. పవర్ తీసేసి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కాసేపు తీసి పెడితే సెట్టింగ్స్ మొదటికొస్తాయి.

నాది ఇప్పుడు 3200 దగ్గరే ఉంది. ప్రాసెసర్ కంపెనీ సెట్టింగ్‌లోనే.

ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పా. "ఆ రోజే చూసుకున్నారా, పెన్‌డ్రైవ్‌లో అన్నీ ఓపెన్ అయినయ్. నువ్వు వినేట్టు లేవని చెప్పలా" అన్నాడు.

అందరి ముందూ అన్న మాట కాబట్టి అందరూ చదివే చోటే రాస్తున్నా. తప్పు నీ పెన్‌డ్రైవ్‌ది కాదురా, నాది.