ఆ సంగతి ఆ పిల్లకి తెలుసా?

మా చిన్నప్పుడు మా ఇంట్లో నవలలు చదివే మనిషి ఒక్కరే, వినేవాళ్లు నలుగురు. 1980ల మొదటి రోజులు, కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరు. మధ్యాహ్నం భోజనాలయ్యి, వంటిల్లు సర్దుకున్నాక అమ్మ వసారాలో చాప పరిచి గోడకి జేరబడేది. అమ్మమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయని పుస్తకం పక్కన పెట్టేసింది గానీ, కథ మీద ఆశ చావలేదు. ఆవిడ కోసమే అమ్మ పైకి చదివేది. పక్కింటి అత్తయ్య చేటలో బియ్యం పోసుకొచ్చి రాళ్లేరుతూ వినేది. అక్కా నేనూ చాప అంచున కూర్చునేవాళ్లం.

వారపత్రికలో సీరియల్ అయిపోగానే అమ్మ ఆ పేజీలన్నీ జాగ్రత్తగా చింపి, వరస పెట్టి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. ఆ పుస్తకాల్లో కథ ఒక్కటే ఉండేది కాదు. ఒక పేజీ తిప్పితే వెనకవైపు చుక్కల ముగ్గు, ఇంకోదాని వెనక సగంలో తెగిపోయిన పచ్చడి తయారీ, మరోచోట తలనూనె ప్రకటన. ఉత్కంఠగా సాగే ఘట్టం మధ్యలో 'సశేషం' అని వచ్చేది. అమ్మ అక్కడ ఒక్క క్షణం ఆగి, పేజీ తిప్పి మళ్లీ అందుకునేది. సొంతానికి కుట్టుకోనివి బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు నుంచి వచ్చేవి, రోజుకి పావలా.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అలాగే విన్నాను. అది 1960ల్లో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మా అమ్మ తరం ఆడపిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ చదువుకున్నారు. బామ్మ దగ్గర పెరిగిన జయంతి, ఆత్మాభిమానం తప్ప ఆస్తి లేని పిల్ల, రాజశేఖరం దగ్గర సెక్రటరీగా చేరుతుంది. అమ్మ చదువుతుంటే అమ్మమ్మ మధ్యలో ఆపి ఒకటే మాట అడిగేది.

"ఆగవే. ఈ సంగతి ఆ పిల్లకి తెలుసా, మనకేనా?"

"మనకీ అంతే తెలుసమ్మా. ఆ అమ్మాయి చూసిందే మనం చూస్తున్నాం."

"మరి అతని మనసులో ఏముందో రాయదేం ఈవిడ?" అనేది అత్తయ్య, చేట పక్కకి పెట్టి.

"రాసేస్తే ఇంక నువ్వు రేపొస్తావా?" అనేది అమ్మమ్మ.

కథ ఎవరి కళ్లలోంచి చూపించాలన్నదే రచయిత చేసే మొదటి నిర్ణయమని, మిగతావన్నీ దాని వెంటే నడుస్తాయని తర్వాత చాలా పుస్తకాల్లో చదివాను. దృక్కోణం అనీ, ఉత్తమ పురుష కథనం అనీ, సర్వసాక్షి కథనం అనీ పేర్లు తెలిశాయి. పేర్ల కంటే ముందు సంగతి తెలిసింది మాత్రం అమ్మమ్మ ప్రశ్న వల్లే. 'సెక్రటరీ'లో మనం జయంతి పక్కనే ఉంటాం. రాజశేఖరం గురించి ఆమె విన్న పుకార్లే మనమూ వింటాం, ఆమెకొచ్చిన అనుమానమే మనకీ వస్తుంది. అతని మనసు మూసిన గది. తలుపు సందులోంచి కనిపించే ఒక చూపు, ఒక మాట, ఒక మౌనం పట్టుకుని జయంతి ఎంత ఊహించుకుంటుందో మనమూ అంతే ఊహించుకుంటాం. ఆ రోజుల్లో ఆడపిల్లలు రాజశేఖరంలాంటి మొగుడు కావాలనుకున్నారంటే కారు, మేడ ఒక్కటే కారణం కాదు. అతనిలో రాయకుండా వదిలిన చోటంతా ఎవరికి వాళ్లు తమకి నచ్చినట్టు నింపుకున్నారు.

ఒకసారి వేసవి సెలవుల్లో అక్కకి ఓ ఆలోచన వచ్చింది. ఆ కథనే రాజశేఖరం చెప్తున్నట్టు చెప్తానంది. డాబా మీద పక్కలు వేసుకున్నాక గొంతు బొంగురు చేసుకుని మొదలెట్టింది: "నాకు ఈ అమ్మాయంటే ఇష్టం. చెప్పాలంటే మొహమాటంగా ఉంది." అంతే, రెండు వాక్యాల్లో కథ అయిపోయింది. జయంతి ఏడుపుకి అర్థం లేదు, అపార్థానికి చోటు లేదు. మనుషులూ సంఘటనలూ అవే. చెప్పే మనిషి మారేసరికి నవలంతా ఆవిరైపోయింది. 1976లో వచ్చిన 'సెక్రటరీ' సినిమాని మా ఊరి టూరింగ్ టాకీస్‌లో చూసినప్పుడూ నాకు అలాంటి వెలితే కలిగింది. అక్కినేని, వాణిశ్రీ ఎంత బాగా చేసినా, తెరమీద ఇద్దరూ సమానంగా కనిపిస్తారు. పుస్తకంలోలా ఒకరి లోపల కూర్చుని ఇంకొకరిని చూసే వీలు అక్కడ లేదు.

ఆ తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వచ్చింది, ఆంధ్రభూమి వారపత్రికలో. అది వచ్చిన రోజు మా వసారాలో జనం పెరిగేవారు. అక్కడ అమ్మమ్మ ప్రశ్నకి జవాబు మారిపోయింది. ఎక్కడో అడవిలో పసిపిల్ల తులసి మీద క్షుద్ర ప్రయోగం మొదలైందని మనకి తెలుసు. తల్లి శారదకి తెలియదు, తండ్రి శ్రీధర్‌కి తెలియదు. వాళ్లు డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటారు. "అయ్యో, వాళ్లకి ఎవరైనా చెప్పండే!" అని అత్తయ్య నిజంగా అరిచింది ఒకరోజు. జయంతికి తెలిసినంతే తెలిసినప్పుడు మనది కుతూహలం. తులసి తల్లిదండ్రులకంటే ఎక్కువ తెలిసినప్పుడు మనది భయం, చేతులు కట్టేసినట్టుండే భయం. రచయిత మనల్ని ఎక్కడ నిలబెట్టాడన్న దాన్నిబట్టి మన గుండె కొట్టుకోవడమే మారిపోతుంది.

ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' ఇంకో దారి చూపించింది. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం నాకు అద్దె కొట్టులో దొరికింది. అక్కడ పిల్లవాడే తన కథ చెప్పుకుంటాడు. బాబాయికీ రెండుజెళ్ల సీతకీ మధ్య ఏం నడుస్తోందో వాడికి తెలియదు. చూసింది చూసినట్టు చెప్పేస్తాడు, మనకి అర్థమైపోతుంది. నేను చదివి నవ్విన చోట్ల అమ్మ నవ్వలేదు, అమ్మ నవ్విన చోట్ల నాకు నవ్వు రాలేదు. పదేళ్లవాడికి బుడుగు స్నేహితుడు, అమ్మకి బుడుగు కొడుకు. చెప్పేవాడి వయసు, వినేవాడి వయసు కలిసే చోటే ఆ హాస్యం పుడుతుంది. అందుకే ఆ పుస్తకం ఏ వయసులో తెరిచినా కొత్తగా ఉంటుంది.

యండమూరిదే 'వెన్నెల్లో ఆడపిల్ల' నాటికి నేను హైస్కూలుకొచ్చాను. చదరంగం ఆటగాడు రేవంత్‌కి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది. ఆమె గొంతు తప్ప అతనికి ఇంకేం తెలియదు, మనకీ తెలియదు. అప్పటికి మా ఊళ్లో ఫోన్ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ గొంతు మా అందరికీ వినిపించింది. 1995లో సునీల్‌కుమార్ దేశాయి ఆ నవలని కన్నడంలో 'బెళదింగళ బాలె'గా తీసి, అమ్మాయి ముఖం చివరిదాకా చూపించలేదని తెలిసినప్పుడు చాలా సంతోషించాను. ఆ కథ ప్రాణం ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఆ ముఖం చూపిస్తే ఆమె ఎవరో ఒక నటి అయిపోతుంది. దాచితే ఎవరి వెన్నెల్లో ఆడపిల్ల వాళ్లకే ఉంటుంది.

వీటిని కాలక్షేపం నవలలని, ఆడవాళ్ల పుస్తకాలని పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు తేలిగ్గా తీసేయడం ఎన్నోసార్లు విన్నాను. అప్పుడల్లా నాకు మా వసారా తీర్పులు గుర్తొస్తాయి. వీధిలో ఓ కోడలు కళ్లు తుడుచుకుంటూ వచ్చి అత్తగారి మీద చెప్పుకునేది. అమ్మ మంచినీళ్లిచ్చి అంతా వినేది, ఓదార్చి పంపేది. ఆ అమ్మాయి గుమ్మం దాటాక అత్తయ్య వెంటనే అత్తగారిని తిట్టబోతే, అమ్మ ఆపేది. "మనం విన్నది ఈ పిల్ల చూసింది. ఆవిడ చూసింది ఇంకా వినలేదు కదా." రెండ్రోజులాగి ఆ అత్తగారింటికీ వెళ్లి కూర్చునేది. ఐదో క్లాసుతో చదువాపేసిన అమ్మకి ఈ ఓపిక ఏ బడిలోనూ అబ్బలేదు. ఏళ్ల తరబడి ఒక్కో మనిషి లోపల కూర్చుని లోకాన్ని చూసిన అలవాటు అది. జయంతి అపార్థం చేసుకుందని నవల చివర తెలిసినప్పుడు, తన కళ్లతో చూసిందీ పూర్తి నిజం కాకపోవచ్చని పాఠకురాలికీ తెలుస్తుంది.

ఇప్పుడు కథలు రాసే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ప్లాటు గురించి, మలుపుల గురించి అడుగుతారు. నేను మాత్రం మీ కథలో ఈ సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, చదివేవాణ్ని ఎవరి పక్కన కూర్చోబెట్టారు అని అడుగుతాను. ఈ మూడింటికీ జవాబు ఉన్న కథకి మలుపులు అవే వస్తాయి. జవాబు లేని కథలో ఎన్ని హత్యలు జరిగినా, ఎన్ని పెళ్లిళ్లు ఆగినా, ఆ మనుషుల కోసం ఎవరూ రేపటిదాకా ఎదురుచూడరు.