తొట్టిలో పెరిగిన పగడం

పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగిన ఎర్రటి పూస గుర్తొస్తుంది. నగల అంగడికి వచ్చే ఆ అసలు పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రపు మసక వెలుతురులో పెరిగేది. ఇళ్లలో అద్దాల తొట్టెల్లో ఉప్పునీళ్లు నింపి పెంచుకునే రాతి పగడం దానికి దూరపు చుట్టం. పగడపు దిబ్బలను కట్టేది ఈ రెండో తెగే. నీటిలోని సున్నాన్ని తీసుకుని కింద రాయి పేర్చుకుంటూ, పైన పల్చటి చర్మంలా బతుకుతుంది. ఆ చర్మపు కణాల్లోనే నాచు లాంటి ఏకకణ జీవులకు చోటిచ్చి, అవి ఎండలో వండిన తిండిలో ఎక్కువ భాగం తాను తింటుంది. అంటే మనం కొనేది ఒక్క ప్రాణిని కాదు, ఒక జంతువూ దాని లోపలి తోటా కలిసిన కాపురాన్ని. కొనడానికి వెళ్లినవాళ్లు సాధారణంగా ముందు రంగు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. నా లెక్కలో మొదట అడగాల్సింది పుట్టిల్లు. ఈ పగడం సముద్రంలో పెరిగిందా, తొట్టిలో పెరిగిందా? తొట్టిలో తరాల తరబడి కోస్తూ నాటుతూ వచ్చిన చిన్న ముక్కే కొనదగినది. సముద్రం నుంచి ఊడదీసిన పెద్ద కాలనీ ఎంత అందంగా ఉన్నా కొనదగినది కాదు.

కడియం నర్సరీల్లో మామిడి అంటు కొనేవారు అడవిలో కాపుకొచ్చిన చెట్టును పెకలించి తెచ్చిమ్మని ఎవరినీ అడగరు. పగడానికీ ఈ న్యాయమే వర్తిస్తుంది, కారణం దాని ఒంట్లోనే ఉంది. వెలుతురు మారితే పగడం తన కణాల్లోని నాచు సంఖ్యనూ, రంగు పదార్థాలనూ సరిచేసుకోవాలి. దానికి వారాలు పడుతుంది. దిబ్బ మీద ఉలి దెబ్బతో విడివడిన కాలనీ ప్లాస్టిక్ సంచిలోకి, అక్కణ్నుంచి ఎగుమతిదారు తొట్టిలోకి, విమానంలోకి, టోకు వ్యాపారి దగ్గరికి, చివరికి దుకాణంలోకి చేరేసరికి నాలుగైదు రకాల నీళ్లు, నాలుగైదు రకాల వెలుతురు చూసి ఉంటుంది. ఆ అలసట బయటికి వెంటనే కనిపించదు. గోనియోపోరా సంగతే చూడండి. పూలగుత్తిలా పాలిప్‌లనే చిన్న నోళ్లను చాచే ఈ పగడం దుకాణంలో కళకళలాడుతూనే ఉండేది. ఇంటికొచ్చాక నెలల తరబడి కొద్దికొద్దిగా ముడుచుకుపోయి, చాలా సందర్భాల్లో ఏడాది తిరిగేలోగా చచ్చిపోయేది. దశాబ్దాల పాటు అలా జరుగుతున్నా దాన్ని సముద్రం నుంచి తెస్తూనే వచ్చారు. ఇప్పుడు తొట్టెల్లోనే కోసి పెంచిన గోనియోపోరాలు దొరుకుతున్నాయి. మన దీపాల కింద, మనం కలిపే ఉప్పునీటిలో బతకగలవని తేలినవే వాటిలో మిగిలాయి.

తొట్టిలో పెంపకం నిన్నమొన్నటి ముచ్చట కాదు. 1980ల్లో బెర్లిన్‌లో డీట్రిచ్ స్ట్యూబర్ అనే అక్వేరియం ప్రియుడు అక్రొపోరా అనే ఒక కొమ్మల పగడాన్ని ఇంటి తొట్టిలో పెంచి, దాని కొమ్మలు విరిచి తోటివారికి పంచాడు. ఆ ముక్కలు చేతులు మారుతూ దేశదేశాలకు వెళ్లాయి. రాతి పగడం ఇంట్లో బతకదనే మాటను అబద్ధం చేసింది ఆ పంపకమే. అక్రొపోరా లాంటి కొమ్మల పగడాన్ని కోస్తే అది గాయపడి ఆగిపోదు, తెగిన చోటు నుంచి మళ్లీ చిగురిస్తుంది. సముద్రంలో తుపానుకు విరిగిన కొమ్మలు దొర్లి మరోచోట అతుక్కోవడం అది వ్యాపించే సహజ మార్గాల్లో ఒకటి. ప్రకృతి నేర్పిన పద్ధతినే కత్తెర పట్టి మనం చేస్తున్నాం.

అలాంటి ముక్కను, పెంపకందారులు ఫ్రాగ్ అనేదాన్ని, దగ్గరగా చూడటం నేర్చుకోవాలి. బొటనవేలంత కొమ్మను చిన్న సిరామిక్ ప్లగ్ మీద జిగురుతో నిలబెట్టి ఉంటారు. చూపు కొమ్మ చివరికి కాదు, మొదలుకు వెళ్లాలి. జిగురు గట్టు మీదుగా పగడపు చర్మం పాకి, ప్లగ్ అంచు మీద పల్చటి పొరలా పరుచుకుని ఉంటే, అది కోసి వారం పది రోజులైన ముక్క కాదు, నెలలుగా ఇక్కడ పెరుగుతున్న ముక్క. ఆ పొర అంచున సన్నని తెల్లగీత ఉంటే అది కొత్త పెరుగుదల, శుభసూచన. అదే తెలుపు కొమ్మ మొదట్లో, చర్మం వెనక్కి తగ్గి రాయి బయటపడ్డ చోట కనిపిస్తే తీసుకోకూడదు. తెలుపు ఒకటే, అర్థాలు రెండు. నీలి దీపాలు ఆర్పి తెల్ల వెలుతురులో చూపించమని అడగడం కూడా కొనేవారి హక్కు. నీలి వెలుగులో పగడంలోని కొన్ని ప్రొటీన్లు మెరుస్తాయి, ఫోటోల్లో ఇంకా మెరుస్తాయి. ఆ మెరుపు ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదు.

చిన్న ముక్కతో ఇల్లు నిండదు, పెద్ద కాలనీ పెడితే మొదటి రోజే తొట్టి దిబ్బలా ఉంటుంది అంటారు. నిజమే. కానీ ఆ పెద్ద కాలనీ మొదటి రోజు నుంచే తింటుంది కూడా. పగడం రాయి కట్టేటప్పుడు లీటరు నీటిలో 20 మిల్లీగ్రాముల కాల్షియం తగ్గితే, నీటి క్షారత, అంటే ఆల్కలినిటీ, దాని కొలమానమైన డీకేహెచ్‌లో దాదాపు 2.8 పడిపోతుంది. సముద్రపు నీటిలో ఆల్కలినిటీయే సుమారు 7 అనుకుంటే ఆ తరుగు ఎంతటిదో తెలుస్తుంది. సముద్రానికి అది లెక్కలోకి రాదు, మన తొట్టికి వస్తుంది. చిన్న ముక్క మాత్రం నెమ్మదిగా ఎదుగుతూ, రోజుకెంత సున్నం వేయాలో మనకు నేర్పుతూ వస్తుంది. పగడమూ, పెంచేవారి చెయ్యీ కలిసి ఎదుగుతాయి.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. దిబ్బలను చంపుతున్నది వేడెక్కుతున్న సముద్రం. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్‌ను, అంటే వేడికి పగడాలు తమలోని నాచును కోల్పోయి తెల్లబారడాన్ని, ప్రకటించారు. దాని ముందు అక్వేరియంల కోసం తీసే పగడం ఎంత, పైగా ఆ అమ్మకం మీద బతికే ద్వీపాల వారి కూటి మాటేమిటి అని. మొదటి మాట కాదనలేనిది. అయితే వేడికి డస్సిపోయిన దిబ్బ నుంచి, గట్టిగా నిలబడ్డ కాలనీనే ఏరి తీసుకుపోవడం ఆ నష్టానికి తోడయ్యేదే. రెండో మాటకు ఇండోనేషియాలోనే జవాబుంది. అక్కడ తీరం దగ్గరి లోతు తక్కువ నీటిలో బల్లలు వేసి, సిమెంటు దిమ్మల మీద పగడపు ముక్కలు నాటి పెంచుతారు. ఆ పని చేసేదీ తీరం వాళ్లే. 2018లో ఆ దేశం పగడాల ఎగుమతిని ఆపేసినప్పుడు ఈ సాగుదారులు కూడా దెబ్బతిన్నారు. 2020లో సాగు పగడాలకు మళ్లీ దారి దొరికింది. ద్వీపాల వారి మీద అక్కర ఉంటే ఆ సాగు ముక్కలనే అడగాలి. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రాతి పగడాలన్నీ, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి, సరిహద్దు దాటిన ప్రతి సరుకుకూ అనుమతి పత్రం ఉండాలి. సముద్రం నుంచి తీసిన సరుకైతే అందులో డబ్ల్యూ అనే అక్షరం ఉంటుంది. దిగుమతి చేసుకున్న దుకాణదారుకు ఆ అక్షరం తెలుసు.

తొట్టి ముక్కకూ ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. అది తొట్టి నుంచి తొట్టికి పురుగును మోసుకెళ్తుంది. అక్రొపోరాను తినే చదును పురుగు, ఆ పగడం రంగే పూసుకుని దాని మీద పడుకుని ఉంటుంది. చూసినా కంటికి ఆనదు. మందు నీటిలో ముంచితే పురుగు రాలుతుంది కానీ, కొమ్మ మొదట్లో రాయి మీద పెట్టిన గుడ్లు చావవు. అందుకే ముక్కను పాత ప్లగ్ నుంచి కోసి వేరు చేసి, కొత్తదాని మీద నిలబెట్టి, కొన్ని వారాలు విడి తొట్టిలో ఉంచి మళ్లీ మళ్లీ ముంచి చూడాలి. ఈ శ్రమ తప్పదు. సముద్రపు కాలనీకైనా ఇదే శ్రమ, కోసి వేరు చేసే వీలు మాత్రం అక్కడ తక్కువ.

ఇదంతా అమెరికాలోనో, ఐరోపాలోనో ఉండి పగడాలు పెంచేవారికి వర్తించే మాట. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవారి సంగతి వేరు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001లో రాతి పగడాలన్నిటినీ ఒకటో షెడ్యూల్‌లో, పులి పక్కన చేర్చింది. జాబితా రాసింది జాతులను బట్టి, ఎక్కడ పెరిగిందన్నదాన్ని బట్టి కాదు, కాబట్టి తొట్టిలో పెరిగిన ముక్కా అందులోకే వస్తుంది. ఈ కఠినత్వం ఊరికే రాలేదు. మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడి చుట్టుపక్కల దశాబ్దాల పాటు దిబ్బలను తవ్వి సున్నపు బట్టీలకు తరలించారు. అలలను ఆపే గోడ పోయింది. అక్కడి 21 దీవుల్లో విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు నీట మునిగాయి.