విత్తనం కొమ్ము

మాఘమాసం. మెండోరలో పసుపు ఉడికే రోజులు. వాకిట్లో కొమ్ములు ఆరబోసి వచ్చి, కొత్త లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పాతది ఏడేళ్లు చాకిరీ చేసి కన్నుమూసింది. దానిలో లినక్స్ ఉండేది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టి లోకానికి పంచిపెట్టిన సరుకు. పొదుపరి ఇల్లాలికి అంతకంటే ఏం కావాలి చెప్పండి?

మేనల్లుడు మూడేళ్ల కిందటి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. కాసేపటికి వాడి మొహం వాడిపోయింది.

"అత్తా, డిస్కే కనబడ్తలేదు!"

నా గుండె ఝల్లుమంది. కొత్త నవల ఆరు ప్రకరణాలు అందులోనే ఉన్నాయి మరి!

కొన్ని కొత్త యంత్రాల్లో డిస్కుకి ఆర్‌ఎస్‌టి అనే కాపలాదారు ఉంటాడట. విండోస్‌కి తెలిసినవాడే, మా లినక్స్‌కి మొహమైనా చూపించడు. బయాస్‌లోకి వెళ్లి, ఆయన్ని తప్పించి, ఏహెచ్‌సీఐ అనే మామూలు దారి తెరవాలి. వాడు మీట నొక్కబోయాడు.

"ఆగు బిడ్డా!" అంది గుమ్మంలోంచి మా అత్తగారు. "విత్తనం కొమ్ములు తీసి పెట్టినంకనే కదా పంట అమ్మేది?"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ముందుచూపు లేకుండా దారి మారిస్తే విండోస్ తెరుచుకోకపోవచ్చు. ఆపైన లినక్స్ ఎక్కించేటప్పుడు డిస్కంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. నవలని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాకే మీట మార్చాం. డిస్కు కనబడింది. వైఫై మాత్రం మొరాయించింది. పాత కెర్నెల్‌కి కొత్త కార్డు తెలీదు! సెల్‌ఫోన్‌ని తీగతో కలిపి, కొత్త కెర్నెల్ తెచ్చుకున్నాం.

బి.ఏ. చదివిన నవలా రచయిత్రిని నేను. విత్తనం దాచాలని తెలిసింది మాత్రం ఏ బడికీ వెళ్లని ఆవిడకే!