అంగీ దొరికింది, మనిషి దొరకలేదు

ధ్యాన భాగము: ఆదికాండము 37:31–35



సెమినరీలో నాతో చదివిన స్నేహితుడు ఈమధ్య ఒక ఇంగ్లీషు నవల ఇచ్చాడు. అమెరికా రచయిత్రి కొలీన్ కోబుల్ 2003లో రాసిన ‘వితౌట్ ఎ ట్రేస్’. క్రైస్తవ పాఠకుల కోసం రాసింది. ప్రేమ ఉంది, భయం ఉంది, విశ్వాసం ఉంది. మిషిగన్ అడవుల్లో ఒక చిన్న విమానం జాడ లేకుండా పోతుంది. అందులో బ్రీ అనే స్త్రీ భర్త, చిన్న కొడుకు ఉన్నారు. వాసన పట్టే కుక్కను తీసుకొని ఆమె అడవిని గాలిస్తుంది. పాస్టరుకు నవలలేమిటి అనకండి. కోరుట్ల నుండి జగిత్యాల పోయే బస్సులో మొదలుపెట్టి, రెండు రాత్రుల్లో ముగించాను.

పుస్తకం మూయగానే మా సంఘంలోని ఒక చెల్లి గుర్తుకొచ్చింది. ఆమె భర్త గల్ఫ్‌కు వెళ్లాడు. కొన్నాళ్లు ఫోన్లు, కొంత డబ్బు వచ్చాయి. తరువాత కంపెనీ విడిచి ఖల్లివెల్లి అయ్యాడని తోటివాళ్లు చెప్పారు. ఆపైన ఏమీ లేదు. ఇది తొమ్మిదో ఏడు.

ఆమె కోసం నేను ఏమి చేశాను? “వచ్చే క్రిస్మస్‌కు నీ భర్త ఇంట్లో ఉంటాడు, స్తోత్రం చెప్పు” అన్నాను. మూడు క్రిస్మస్‌లు అలాగే చెప్పించాను. 2024లో సిరిసిల్ల జిల్లా మనుషులు దుబాయి జైలులో 18 ఏండ్లు గడిపి ఇల్లు చేరినప్పుడు, “చూశావా!” అన్నాను.

ఒకరోజు ఆమె అడిగింది: “అయ్యగారూ, ప్రార్థన ఆయన ఉన్నడనుకొని చెయ్యాల్నా, లేడనుకొని చెయ్యాల్నా?”

నా దగ్గర జవాబు లేదు.

ఏడేండ్లు జాడ తెలియని మనిషి చనిపోయినట్టు కోర్టు భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో అది 108వ సెక్షన్. 2024 జూలై నుండి భారతీయ సాక్ష్య అధినియంలో 111వది. వితంతు పెన్షన్‌కు మరణ ధ్రువపత్రం కావాలి కనుక కోర్టుకు వెళ్లమని పెద్దలు చెప్పారు. కాగితం మీద సంతకానికి ఆమెకు చెయ్యి రాలేదు. “నా చేత్తో నేనే పుస్తె తెంపుకున్నట్టు గాదా?” అంది.

ఆ రాత్రి యాకోబు గురించి మళ్లీ చదివాను. అన్నలు యోసేపు చనిపోయాడని చెప్పలేదు. రక్తంలో ముంచిన అంగీ చూపి, గుర్తుపట్టమన్నారు. తీర్పు తండ్రే చేసుకున్నాడు. తరువాత ఓదార్చడానికి కుమారులందరూ వచ్చారు. నిజం తెలిసినవాళ్లు కూడా. ఆయన ఓదార్పు పొందలేదు. సుమారు 22 ఏండ్లు అలాగే గడిచాయి. దానికి దేవుడు ఆయనను గద్దించినట్టు ఎక్కడా లేదు.

నిజం కాని మాటతో ఓదార్చినవాళ్ల వరుసలో నేనూ నిలబడ్డానని అప్పుడు తెలిసింది. దేవుడు నాకు చెప్పని తేదీని ఆయన పేరున చెప్పాను. నవలకు చివరి పేజీ ఉంటుంది. అది ఆమెకు రాసిచ్చే అధికారం నాకు లేదు.

మరుసటి రోజు వెళ్లి, “చెల్లెమ్మా, నన్ను క్షమించు” అన్నాను. ఆమె చాయ్ పెట్టింది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఎప్పుడు వెళ్లాలో ఆమె ఇష్టం. తోడుగా మా ఇంటామె వెళ్తుంది.

ప్రియులారా, మీ ఊర్లో ఇలాంటి గడప ఉంటే తేదీలు చెప్పకండి. వెళ్లి కూర్చోండి. ఇప్పుడు మేము ఇలా ప్రార్థిస్తున్నాం: ప్రభువా, ఆయన ఎక్కడున్నాడో మాకు తెలియదు, నీకు తెలుసు. ఈ ఇంటిని విడువకుము. ఆమేన్.