మన కాంట్రాను ఎవరు దాచాలి?

వీడియో గేమ్ అంటే పశ్చిమ ప్రకాశంలో తర్లుపాడు నుంచి గిద్దలూరు దాకా ఒక తరానికి గుర్తొచ్చే పేర్లలో కాంట్రా తప్పక ఉంటుంది. ఇద్దరు కూర్చుని, చొక్కాల్లేని ఇద్దరు సైనికులను అడవిలో పరిగెత్తించే ఆట అది. అయితే ఆ తరం ఆడింది మొదటి కాంట్రా కాదు. కొనామి కంపెనీ 1987లో దాన్ని నాణెం వేసి నిలబడి ఆడే ఆర్కేడ్ యంత్రం కోసం చేసింది. అందులో తెర నిలువుగా ఉండేది. మరుసటి ఏడాది అదే కంపెనీ ఇంటి టీవీకి తగిలించుకునే నింటెండో ఫ్యామికామ్ కోసం దాన్ని మళ్లీ తయారుచేసింది. బొమ్మల్లో నగిషీ తగ్గింది కానీ తెర అడ్డంగా పరుచుకుంది, దశలు సాగాయి, పరుగుకూ గెంతుకూ చోటు పెరిగింది. ప్రపంచం గుర్తుపెట్టుకున్నది ఈ రెండో కాంట్రానే. మన దాకా వచ్చింది అది కూడా కాదు. ఫ్యామికామ్‌ను చూసి వేరేవాళ్లు చేసిన నకలు యంత్రంలో, నకలు క్యాసెట్‌తో నడిచిన మూడోది. అందుకని పోర్టుల గురించీ, రీరిలీజుల గురించీ, పాత పెట్టెల సేకరణ గురించీ జపాన్ వాడో అమెరికా వాడో మాట్లాడినట్టే మనమూ మాట్లాడితే కుదరదు. వాళ్ల బాల్యాన్ని కంపెనీలు తుడిచి, రంగులేసి మళ్లీ అమ్ముతున్నాయి. మన బాల్యాన్ని అలా అమ్మే కంపెనీ లేదు, అమ్మే హక్కూ ఏ కంపెనీకీ లేదు. కాబట్టి దాన్ని దాచే పని మనమే చేసుకోవాలని నా వాదన.

ముందు పోర్ట్ మీద ఉన్న చిన్నచూపు సంగతి తేల్చుకుందాం. ఒక యంత్రం కోసం రాసిన ఆటను మరో యంత్రానికి మలచడమే పోర్ట్. అసలు యంత్రంలో ఆడితేనే ఆట, తక్కినదంతా ఎంగిలి అనే ఛాందసులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వాళ్ల లెక్కన చూస్తే మనం ఇష్టపడ్డవి సగం ఎంగిలే. టోపీ పెట్టుకుని గొడ్డళ్లు విసురుతూ పళ్లు ఏరుకునే అడ్వెంచర్ ఐలాండ్ సంగతే తీసుకోండి. 1986లో హడ్సన్ సాఫ్ట్ చేసిన ఆ ఆట, అదే ఏడాది సెగా ద్వారా వచ్చిన వండర్ బాయ్‌కి పోర్ట్. ఆట హక్కు ఒకరిది, అందులోని పిల్లాడి బొమ్మ మీద హక్కు మరొకరిది కావడంతో హడ్సన్ తన ఉద్యోగి తకహాషి మెయిజిన్ పోలికలతో కొత్త వీరుణ్ణి పెట్టుకుంది. హక్కుల చిక్కులోంచి పుట్టిన ఆ వీరుడే మనకు తెలిసినవాడు. కాంట్రాలో ముప్పై లైఫులిచ్చే బటన్ల వరుస కథా ఇలాంటిదే. గ్రేడియస్ అనే ఆర్కేడ్ ఆటను 1986లో ఫ్యామికామ్‌కు పోర్ట్ చేస్తున్న కజుహిసా హషిమోటోకు, ఆట మరీ కష్టంగా ఉండి పరీక్షించడం గగనమైంది. దాన్నుంచి గట్టెక్కడానికి పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ అనే వరుస పెట్టాడు. ప్రపంచంలోకెల్లా పేరుమోసిన చిట్కా, ఒక పోర్ట్ పని తేలిక కావడానికి పుట్టిందన్నమాట. పోర్ట్ అంటే అసలుకు వచ్చిన అరుగుదల అని ముందే తీర్పు చెప్పేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అలాగని వచ్చిన ప్రతి రీరిలీజుకూ హారతి పట్టనక్కర్లేదు. కొత్తది వచ్చాక పాతది దొరుకుతుందా, కొత్తదైనా ఎన్నాళ్లు దొరుకుతుంది అని అడిగితే దాని గుణం బయటపడుతుంది. 1957 నాటి మాయాబజార్‌కు రంగులు వేసి 2010లో మళ్లీ విడుదల చేశారు. రంగులు నచ్చినవాళ్లు చూశారు, నచ్చనివాళ్లు గొణుక్కున్నారు. కానీ నలుపు తెలుపుల మాయాబజార్ ఎక్కడికీ పోలేదు, కాబట్టి ఎవరికీ నష్టం లేదు. నెట్ సెంటర్ల కాలంలో మన ఊళ్లలోనూ ఆడిన జీటీఏ వైస్ సిటీకి ఆ అదృష్టం పట్టలేదు. 2021 నవంబరులో దాన్నీ, దాని ముందూ వెనకా వచ్చిన రెంటినీ కలిపి రాక్‌స్టార్ కంపెనీ కొత్త రూపంలో తెచ్చింది. మొహాలు వికారంగా తయారయ్యాయి, వాన పడితే దారి కనపడలేదు. అంతకంటే పెద్ద తప్పు, కొత్తది రాకముందే పాతవాటిని ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేయడం. జనం తిట్టాక కంపెనీ తన సొంత దుకాణంలో పీసీ ప్రతులను మళ్లీ పెడతానని చెప్పాల్సివచ్చింది. నింటెండో ఇంకో దారి తొక్కింది. మూడు పాత మారియో ఆటల సంకలనాన్ని 2020 సెప్టెంబరులో విడుదల చేసి, 2021 మార్చి 31 తర్వాత అమ్మేది లేదంది. పాడైపోయే సరుకు కాదు, డౌన్‌లోడ్ ప్రతి నిల్వకు గోదాము అక్కర్లేదు, అయినా గడువు పెట్టింది. కొరత లేనిచోట కొరతను తయారుచేసి అమ్మడం ఇది. ఇలాంటి రీరిలీజు ఆటను బతికించదు, ఆత్రాన్ని మాత్రం బతికిస్తుంది.

ఆ ఆత్రమే సేకరణ అనే మంచి అలవాటును జూదం దాకా తీసుకుపోయింది. 2021 జులైలో అమెరికాలో సీలు విప్పని సూపర్ మారియో 64 పెట్టె ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఆ ఆట లక్షల ప్రతులు అమ్ముడుపోయింది, ఆడాలంటే చవకగా దొరుకుతుంది. అంత ధర పలికింది ఆటకు కాదు, దాని మీద చిరగని ప్లాస్టిక్ కాగితానికి. సీలు విప్పితే విలువ పోతుంది, విప్పకపోతే ఆట లేదు. ఆడటానికి వీల్లేని ఆటను దాచుకోవడం సంరక్షణ అనిపించుకోదు. ‘సేకర్తలే లేకపోతే పాతవి ఎప్పుడో చెత్తకుప్పకు చేరేవి’ అని వాళ్లు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది. కంపెనీలను నమ్ముకుంటే మిగిలేది వందకు పదమూడు. మిగతావి ఎవరో ఒకరి అల్మారాల్లో ఉండబట్టే ఉన్నాయి. కాబట్టి సేకర్త అవసరమే. ఏది సేకరిస్తున్నాడు, ఎందుకు సేకరిస్తున్నాడు అన్నదే నా పేచీ. నలుగురు దాచినదాన్నే అయిదోవాడూ ఎక్కువ డబ్బు పెట్టి దాచడం వల్ల చరిత్రకు ఒరిగేదేమీ లేదు. ఎవరూ దాచనిదాన్ని దాచేవాడే అసలైన సేకర్త.

మన దగ్గర ఎవరూ దాచనిది ఏమిటంటే ఆ నకలు పెట్టెలే. ఫ్యామికామ్ జపాన్‌లో 1983 జులైలో వచ్చింది. ఆ రోజుల్లో నింటెండో మన ఊళ్లకు వచ్చి అమ్మింది లేదు. ఆ ఖాళీలోకి సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో నకళ్లు వచ్చాయి. వాటిని ఉత్త నకళ్లని కొట్టిపారేయలేం, ఎందుకంటే అవి ఆటను మార్చాయి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు సుమారు 60 సార్లు తెరను గీసేవి. అప్పట్లో దూరదర్శన్ నడిచిన పాల్ పద్ధతిలో అది 50 సార్లే. పాల్ టీవీల కోసం చేసిన నకళ్లలో ఆట కూడా ఆ లెక్కకే తగ్గి, వేగంలో ఆరో వంతు కోల్పోయింది. పాట స్వరం ఇంచుమించు అదే, నడక మాత్రం నిదానం. కాబట్టి ఇవాళ కంపెనీవారి అధికారిక రీరిలీజులో మారియో మొదలుపెట్టిన మనవాడికి పాట తరుముతున్నట్టు, గెంతు చేతికి అందనట్టు అనిపిస్తే అది వయసు ప్రభావం ఒక్కటే కాకపోవచ్చు. అతను అలవాటుపడిన లయ వేరు. 9999999 ఇన్ 1 అని రాసుకున్న క్యాసెట్లలో నిజంగా ఉండే ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మిగతావి అవే ఆటలను వేరే దశ నుంచో వేరే వేగంతోనో మొదలుపెట్టి జాబితా పొడిగించినవి. నామ్కో 1985లో చేసిన ట్యాంకుల ఆట బ్యాటిల్ సిటీ ఆ రోజుల్లో జపాన్ దాటి అధికారికంగా రాలేదు. కానీ దాన్ని పట్టుకుని కొత్త శక్తులు, కొత్త మెనూ చేర్చి ట్యాంక్ 1990 అనే పేరుతో ఎవరో చేసిన రూపం నకలు యంత్రాలు తిరిగిన చోటల్లా తిరిగింది. నామ్కో వారసులు బ్యాటిల్ సిటీని ఎన్నిసార్లు విడుదల చేసినా ట్యాంక్ 1990ని చెయ్యరు. అది వాళ్లది కాదు. దాన్ని చేసినవాళ్లు ముందుకు వచ్చి నాది అనలేరు. తండ్రిలేని బిడ్డను ఊరే సాకాలి.

‘ఇదంతా దొంగసరుకు కదా, దాన్ని దాచి పూజించడం ఏమిటి?’ అనే అభ్యంతరం న్యాయమైనదే. ఆటను రాసినవాళ్లకు ఆ క్యాసెట్ల వల్ల పైసా ముట్టలేదు. చాలావాటిలో మొదటి తెర మీద కంపెనీ పేరు, సంవత్సరం కూడా చెరిపేశారు. దాన్ని సమర్థించనక్కర్లేదు. ఆ క్యాసెట్లకు మళ్లీ నకళ్లు తీసి అమ్ముకోమని నేను చెప్పడమూ లేదు. కానీ జరిగిన తప్పుకు కూడా సాక్ష్యం ఉండాలి. ఒక ఆట జపాన్‌లో పుట్టి, ఎవరి చేతుల్లోనో రూపం మారి, ఏ పత్రికలో ప్రకటనా లేకుండా పశ్చిమ ప్రకాశంలోని ఒక టీవీ దాకా ఎలా వచ్చిందో చెప్పగలిగేది ఆ పెట్టె, దాని మీది లేబులు, లోపలి బోర్డు మాత్రమే. రష్యాలో 1992లో స్టీప్లర్ కంపెనీ డెండీ పేరుతో ఇలాంటి నకలే అమ్మింది. అక్కడివాళ్లు సిగ్గుపడి దాన్ని తమ చరిత్రలోంచి కొట్టెయ్యలేదు. ఫ్యామికామ్ పేరు వినకపోయినా డెండీ పేరు ఎరుగుదురు, దాని గురించి రాసుకున్నారు. పాత యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే ఎమ్యులేటర్లు రాసేవాళ్లు దాని వేగాన్ని కొలిచి, డెండీ అనే పేరుతోనే ఒక ప్రత్యేక అమరిక పెట్టారు. పాల్ టీవీల ముందు కూర్చున్నవాళ్ల లయ కొంతైనా మిగిలిందంటే వాళ్లు తమ నకలును తమదని చెప్పుకోబట్టే.

ఇక్కడ రెండో అభ్యంతరం వస్తుంది. ‘ఎమ్యులేటర్ ఉందిగా, ఫోన్లో అన్నీ వస్తున్నాయిగా, మరి ఆ డొక్కు పెట్టె దేనికి?’ ఆడటానికే అయితే ఫోను చాలు, కాదనను. అయితే ఆటలో కొంత భాగం యంత్రానికీ టీవీకీ మధ్య ఉంటుంది. బాతులను తుపాకీతో కొట్టే డక్ హంట్ చూడండి. మీట నొక్కిన క్షణంలో తెర నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం ఒకటి రెప్పపాటు మెరుస్తుంది. ఆ వెలుగు తుపాకీ గొట్టంలోని సెన్సరుకు తగిలితే బాతు పడినట్టు. పాత డబ్బా టీవీ ఆ చదరాన్ని ఆలస్యం లేకుండా గీస్తుంది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ బొమ్మను సర్దుకుని చూపేసరికి ఆ క్షణం దాటిపోతుంది, ఎంత గురి ఉన్నా బాతు ఎగిరిపోతుంది. పాత టీవీలన్నీ పాత సామాన్లవాడికి పోయాక ఆ తుపాకీ ఉత్త ప్లాస్టిక్ ముక్క. ఎమ్యులేటర్ చెప్పలేని సంగతులు ఇంకా ఉన్నాయి. ఆ పెట్టె మార్కాపురంలో కొన్నారా, విజయవాడలోనా, మద్రాసు నుంచి ఎవరైనా తెచ్చారా, గంటకు అద్దె ఎంత, ఊళ్లో ఎన్ని క్యాసెట్లు తిరిగాయి, రెండో రిమోటు చెడిపోతే ఎవరు బాగుచేసేవారు? ఇవి ఏ ఫైల్లోనూ ఉండవు, గుర్తున్న మనుషుల దగ్గరే ఉంటాయి.

చివరి అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. పశ్చిమ ప్రకాశం లాంటి కరువు ప్రాంతంలో, నీళ్ల గొడవ, వలసల గొడవ తీరని చోట పిల్లల ఆటవస్తువు చరిత్ర ఎవరికి కావాలి? చవకైనది, అందరి దగ్గరా ఉన్నది, చిన్నదనుకున్నది ఏదైనా ముందు మాయమవుతుందని మాత్రం ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. మార్కాపురం పలక మీద లెక్కలేనంతమంది అక్షరాలు దిద్దారు. చదువు అయ్యాక ఆ పలకను దాచుకున్నవాళ్లెందరు? 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఇందుకు ఎదురు సాక్ష్యం. మర్నాడు పొట్లాలు కట్టే కాగితంగా మారే దినపత్రికలను, మాసపత్రికలను అక్కడ ఏళ్ల తరబడి దాచారు. ఇవాళ తెలుగు పత్రికల చరిత్ర మీద పనిచేసేవాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది అక్కడికే. దాచినప్పుడు వాటికి వేలం ధర లేదు, సీలు లేదు. తర్వాతివాళ్లకు ఏది పనికొస్తుందో ముందే తెలియదు కాబట్టి దాచారు. జనం సాయంత్రాలు ఎలా గడిపారో తెలియకుండా ఒక కాలం తెలిసినట్టు కాదు. తొంభైల సాయంత్రాల్లో ఆ పెట్టెకూ ఒక వాటా ఉంది.

అందుకని పాత ఆటల మీద మోజున్న మనవాళ్లకు నా మాట ఇది. జపాన్ పెట్టెల కోసం డాలర్లు పోసే ముందు అటక మీద వెతకండి. రంగు వెలిసిన క్యాసెట్ దొరికితే లేబులును, లోపలి బోర్డును రెండు వైపులా ఫొటో తియ్యండి. ఎక్కడ కొన్నారో, ఎంతకు కొన్నారో, ఎవరెవరు ఆడారో పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని పెట్టెలోనే పెట్టండి. పనిచేసే డబ్బా టీవీ ఉంటే ఒక్కటైనా ఉంచండి. ఇంట్లో చోటు లేకపోతే తీసుకునే గ్రంథాలయానికో కళాశాలకో ఇవ్వండి. కాంట్రాను కొనామి దాచుకుంటుంది, మారియోను నింటెండో దాచుకుంటుంది. ట్యాంక్ 1990ని, 9999999 ఇన్ 1ని దాచవలసింది వాటిని ఆడినవాళ్లే.