బన్నీకి గుండు

కుక్క ఒంటిమీద జుట్టు జడలు కడితే చూసినవాళ్లు మొదట అడిగే మాట ఒకటే... 'దీనికి స్నానం చేయించరా?' అని. ఎల్బీనగర్‌లో ఉండే మా మేనత్తను ఎదురింటివాళ్లు అలాగే అడిగారు. పై వాటాలో అద్దెకుండే కుర్రాడు అడిగాడు. పాలు పోసే అతను కూడా వదల్లేదు. శుభ్రం విషయంలో ఎవరైనా వేలెత్తి చూపితే భరించలేని మనిషి ఆవిడ. పైగా ఏం జవాబు చెప్పాలో తెలియదు. ఎందుకంటే స్నానం చేయిస్తూనే ఉంది! చేయించే కొద్దీ అది ఇంకా గట్టిపడుతోంది.

బన్నీకి ఎనిమిదేళ్లు. అందరూ పొమరేనియన్ అంటారుగానీ, మన ఊళ్లలో ఆ పేరుతో పెరిగేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీ అనే తెల్లకుక్క గుర్తుందా? అదే రకం. బన్నీని పిల్లగా ఉన్నప్పుడు ఇంటికి తెచ్చింది మామ. రోజూ సాయంత్రం హాల్లో చాప వేసుకుని, టీవీలో వార్తలు వింటూ స్టీలు దువ్వెనతో దాన్ని దువ్వేవాడు. అరగంట సేపు. మాకది నవ్వులాటగా ఉండేది. 'నీ తలమీద లేని జుట్టంతా దానికుందని కోపమా మామా' అనేవాణ్ని.

కిందటేడు వేసవిలో మామ పోయాడు. డాలస్ నుంచి కొడుకు వచ్చి, కర్మకాండలు ముగించి, సెలవు అయిపోగానే వెళ్లిపోయాడు. అత్తకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు. దువ్వెన టీవీ బల్ల సొరుగులోకి వెళ్లిపోయింది. ఎవరూ కావాలని దాచలేదు. ఆ ఇంట్లో అప్పుడు ఎవరికీ దేనిమీదా ధ్యాస లేదు, అంతే.

ఇక్కడ కాస్త కుక్కబొచ్చు సంగతి చెప్పుకోవాలి. స్పిట్జ్, హస్కీ, గోల్డెన్ రిట్రీవర్ లాంటి వాటికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన కనిపించేది పొడుగ్గా, కాస్త బిరుసుగా ఉంటుంది. దాని అడుగున దూదిలాంటి మెత్తటి పొర. ఋతువు మారేటప్పుడు ఈ దూది రాలిపోయి కొత్తది వస్తుంది. చిక్కంతా ఇక్కడే. రాలింది కింద పడదు, పైనున్న పొడుగు వెంట్రుకల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. దువ్వితే బయటికొస్తుంది. దువ్వకపోతే ఒరిపిడి ఎక్కడ ఎక్కువో అక్కడ ఉండకడుతుంది... చెవుల వెనక, మెడపట్టీ కింద, చంకల్లో, తొడల లోపలివైపు, తోక మొదట్లో. ఉండా ఉండా కలిస్తే అట్ట. దానిమీద నీళ్లు పోసి, సరిగా ఆరబెట్టకుండా వదిలేస్తే అది ఇంకా బిగుసుకుంటుంది. ఉన్ని స్వెట్టర్ని వేడినీళ్లలో ఉతికి చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

'అడవిలో నక్కలకు ఎవరు దువ్వుతున్నారండీ?' అన్నాడు పై వాటా కుర్రాడు. తెలివైన ప్రశ్నే. నక్క పొదల్లో తిరుగుతుంది, చెట్లకు ఒళ్లు రాసుకుంటుంది, దాని రాలుబొచ్చు అలా పోతుంది. టైల్స్ గచ్చుమీద, సోఫా కింద బతికే బన్నీకి పొదలెక్కడివి? పైగా మనిషి తన ముచ్చట కోసం పెంచుకున్న బొచ్చు బాధ్యత మనిషిదే. 2015లో ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర క్రిస్ అనే మెరినో గొర్రె దొరికింది. మందలోంచి తప్పిపోయి ఏళ్లతరబడి కత్తెర చూడని గొర్రె. దాని ఒంటినుంచి తీసిన ఉన్ని 40 కిలోలు దాటింది!

కుర్రాడు అంతటితో ఊరుకోలేదు. ఫోన్‌లో జుకర్‌బర్గ్ కుక్క ఫొటో చూపించాడు. నిజమే, ఫేస్‌బుక్ ఆయన కుక్క బీస్ట్‌కి ఒళ్లంతా జడలే. కానీ అది పూలీ. ఆ హంగేరీ జాతి బొచ్చు తీరే వేరు. చిన్నప్పటినుంచీ పాయలు పాయలుగా చేత్తో విడదీస్తూ ఉంటేనే ఆ జడలు అలా వేలాడతాయి. బన్నీది అలా కాదు. అడుగున చర్మానికి అంటుకుపోయి, ఒక్క ముక్కలా ఉంది.

దసరా ముందు అత్త ఫోన్ చేసింది. 'ముట్టనిస్తలేదురా. చెయ్యేస్తె మీదికొస్తుంది. పిచ్చిగిట్ట లేసిందా?' అని. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే ఎల్బీనగర్. అరగంటలో వెళ్లాను. బన్నీ నన్ను చూసి తోక ఊపబోయి మధ్యలో ఆపేసింది. మెల్లగా వీపుమీద చెయ్యి వేశాను. అట్టముక్క మీద వేసినట్టుంది. వేలు లోపలికి దిగదు. చంక దగ్గర తాకగానే పళ్లు చూపించింది. ఎనిమిదేళ్లలో అది నామీద గుర్రుమనడం అదే మొదలు. టీకాలన్నీ మామ సమయానికి వేయించాడు, పుస్తకంలో అన్నీ ఉన్నాయి. ఇది పిచ్చి కాదు, నొప్పి.

అప్పటికి వారం కిందటే అత్త దాన్ని దగ్గర్లోని ఒక కుక్కల సెలూన్‌కి పంపిందట. వాళ్లు డబ్బులు తీసుకుని షాంపూతో రుద్ది స్నానం చేయించి, పైపైన దువ్వి, సెంటు కొట్టి పంపారు. పైకి తెల్లగా కనిపించిందట, మూడోరోజుకే వాసన మొదలైంది. ఉచితంగా దొరికిన సలహాలు ఇంకా బోలెడు. కొబ్బరినూనె రాయమని ఒకరు. వక్కంత చిక్కయితే నూనె కాస్త పనిచేస్తుంది, అట్టకట్టాక మురికి పట్టించడానికే అది పనికొస్తుంది. కత్తెరతో కత్తిరించమని ఇంకొకరు. ఇది మాత్రం ఎవరూ చేయకండి. అట్ట బిగిసినప్పుడు దాంతోపాటు చర్మం కూడా పైకి లేచి ఉంటుంది. ఎక్కడ బొచ్చు అయిపోయిందో, ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు. కుక్క ఒక్కసారి కదిలిందంటే కుట్లు పడాల్సిందే.

'అత్తా, మొత్తం తీయించెయ్యడం ఒక్కటే దారి' అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

'మీ మామ పోయిన పదోనాడు కొడుకు గుండు చేయించుకున్నడు. ఆ గుండుతోటే విమానం ఎక్కిండు. ఇప్పుడు దీనికి గూడనా?' అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఎవరి దగ్గరైనా ఉంటుందనుకోను. జడలు కట్టిన కుక్క కనబడితే యజమాని నిర్లక్ష్యం అని తీర్పు చెప్పేస్తాం. అలాంటివాళ్లు లేరనికాదు. కానీ నేను చూసినంతలో అలాంటి కుక్క ఉన్న ఇంట్లో అంతకుముందే ఏదో జరిగి ఉంటుంది. ఎవరో మంచం పట్టి ఉంటారు, బాలింత ఉంటుంది, దువ్వే మనిషి ఊరెళ్లి ఉంటాడు, లేదా లేకుండా పోయి ఉంటాడు.

మర్నాడు ఆటోలో ముగ్గురం బయల్దేరాం. మెట్రోలో కుక్కల్ని రానివ్వరు. కొత్తపేటమీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎంత దూరమనీ? కానీ ఆటో గుంతలో పడ్డప్పుడల్లా బన్నీ మూలిగింది. అత్త చీరకొంగు దానిమీద కప్పి, దారి పొడవునా కిటికీలేని ఆటోలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ వేలితో రెండుచోట్ల నొక్కి చూసి, అత్తవైపు తిరిగారు. 'మీ జుట్టు ఎవరో గుప్పెట్లో బిగించి పట్టుకున్నారనుకోండమ్మా. మీరు లేచినా, కూర్చున్నా, పక్కకు తిరిగినా లాగుతూనే ఉన్నారనుకోండి. దీనికి కొన్ని నెలలుగా అలా ఉంది' అన్నారు. అత్త ఇంకేం మాట్లాడలేదు. కాగితం మీద సంతకం పెట్టేసింది.

వయసైన కుక్క కాబట్టి ముందు రక్తపరీక్ష. తర్వాత మత్తు. అంత బిగిసిన అట్టను మెలకువగా ఉన్న కుక్క ఒంటినుంచి తీయడమంటే హింసేనని ఆవిడ కచ్చితంగా చెప్పారు. స్నానం చేయించకుండా, పొడిగా ఉన్నప్పుడే క్లిప్పర్ పెట్టారు. బ్లేడు అట్టకూ చర్మానికీ మధ్య దూరి వెళ్లాలి. మధ్యమధ్యలో ఆపి, బ్లేడు వేడెక్కిందేమోనని తన మణికట్టుకు ఆనించి చూసుకున్నారు. గంటన్నర పట్టింది. వీపుమీదది ఒక్క ముక్కగా, చిన్న గొంగడిలా ఊడివచ్చింది. దాని అడుగున ఎర్రగా కమిలిన చర్మం. చంకలో తడిసి పాచిన పుండు. మెడపట్టీ కింద పిడుదులు. వానాకాలం ఇంకో నెల ఉండి ఉంటే పురుగులు కూడా పట్టేవన్నారు. చెవులమీదివి తీశాక కాసేపు ప్రత్యేకంగా గమనించారు. అన్నాళ్లు బిగిసిన చోటికి ఒక్కసారిగా రక్తం పారుతుంది, కుక్క తల గట్టిగా విదిలిస్తే చెవిలో రక్తం గూడు కట్టే ప్రమాదం ఉంటుందట.

గుండుతో బన్నీ సగమైపోయింది. గులాబీరంగు ఎలుకలా ఉంది. వీధి పిల్లలు నవ్వారు. అది మాత్రం ఇంటికి రాగానే గిన్నెడు పెరుగన్నం తిని, పక్కకు ఒరిగి, కాళ్లు చాపి పడుకుంది. 'ఎన్నాళ్లయిందిరా ఇది పక్కకు పండి' అంది అత్త. అప్పటిదాకా కూర్చునే కునుకు తీసేదట.

ఒకమాట. ఇది చదివి, వచ్చే ఎండాకాలం చల్లగా ఉంటుందని మీ కుక్కకు గుండు కొట్టించకండి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చి ఒంటిని చల్లబరుచుకుంటుంది. చిక్కులేని రెండుపొరల బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడుతుంది. పైగా ఇలాంటి జాతుల్లో ఒకసారి గొరిగితే తిరిగి రావడానికి ఏడాది పైన పట్టొచ్చు, కొన్నిచోట్ల పలచగానే ఉండిపోవచ్చు. బన్నీది వేరే గతిలేక చేసిన పని. ఎండాకాలానికి కావాల్సింది నీడ, నీళ్లు, దువ్వెన.

దువ్వడమంటే పైపైన నిమరడం కాదు. చేత్తో బొచ్చును పాయ తీసి, అడుగున చర్మం కనబడేలా విడదీసి, అక్కణ్నుంచి కొసదాకా స్టీలు దువ్వెన ఆగకుండా రావాలి. ఆగిందంటే అక్కడ చిక్కున్నట్టే. దాన్ని లాగకూడదు. మొదలు దగ్గర వేళ్లతో పట్టుకుని, కొసనుంచి కొంచెం కొంచెంగా విప్పుకుంటూ రావాలి, మన ఇళ్లలో ఆడపిల్లలకు జడ వేసేటప్పుడు చేసినట్టే. ఇదంతా స్నానానికి ముందు. తర్వాత కాదు.

ఇప్పటికి ఎనిమిది నెలలు. అత్త కింద కూర్చోలేదు కదా, అందుకని పెరట్లో బట్టలుతికే సిమెంటు దిమ్మె పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంది. బన్నీ దిమ్మెక్కి నిలబడుతుంది. సొరుగులోంచి మామ దువ్వెన బయటికొచ్చింది. అత్తకు వార్తలు పట్టవు, ఆమెది సీరియళ్ల టైము. టైటిల్ పాట రాగానే బన్నీ తనంతట తానే దిమ్మె దగ్గరికి వెళ్తుంది.

మొన్న ఆదివారం నేనక్కడ ఉండగానే డాలస్ నుంచి వీడియో కాల్ వచ్చింది. బావ బన్నీని చూపించమన్నాడు. వీపుమీద తెల్లగా రెండంగుళాలు వచ్చింది, తొడల దగ్గర ఇంకా చర్మం కనబడుతూనే ఉంది. 'నాకు నాలుగు నెలలకే మొత్తం వచ్చిందమ్మా, దీనికింకా రాలేదేంది?' అన్నాడు తన తల నిమురుకుంటూ.

'దానికేం తొందర లేదు తియ్యి' అని అత్త ఫోను నా చేతికిచ్చేసింది. ఆమెకు ఇంకా రెండో చంక దువ్వాల్సి ఉంది.