రెండంగుళాలు ఉంచాం

పౌరాణిక సినిమాల్లో రామారావుగారు అమ్ములపొదిలోంచి బాణం తీసి సంధిస్తుంటే చప్పట్లు కొట్టినవాళ్ళమే మనమంతా. ఆ బాణం పొడవెంత అని ఎవరమైనా అడిగామా? అర్జునుడి బాణం అభిమన్యుడికి సరిపోతుందా అన్న సందేహం నాకు అరవై ఆరో ఏట వచ్చింది. కారణం మా మనవరాలు.

పన్నెండేళ్ళ పిల్ల. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచినప్పటినుంచి విలువిద్య పిచ్చి పట్టుకుంది. ఇక్కడే బెంగుళూరులో నేర్చుకుంటోంది. మొన్న జూన్‌లో మావాడు సొంతానికి పన్నెండు కార్బన్ బాణాలు కొనిపెట్టాడు. వెనక పింజలున్నాయి, అల్లెతాడు పట్టే గాడి ఉంది. ముందువైపు మాత్రం ఖాళీ గొట్టం, ముప్ఫై అంగుళాల పొడవు. వేసేవాళ్ళ చేతికి తగ్గట్టు కోసుకుని ములికి అతికించుకోవాలిట. ముప్ఫై నాలుగేళ్ళు ఫ్యాక్టరీ టూల్‌రూములో పనిచేసిన తాతయ్య ఇంట్లో ఉండగా ఆ పని బయటికెందుకిస్తారు?

కొలత మైదానంలో తీశాం, టార్గెట్ ముందు నిలబెట్టి. పిల్ల పొడవాటి బాణాన్ని పూర్తిగా లాగి పట్టుకుంటే, విల్లు దాటేచోట కోచ్ గీత పెట్టారు. వెనక గాడినుంచి ఇరవై నాలుగున్నర అంగుళాలు. "రెండంగుళాలు కలిపి కోయండి" అన్నారాయన.

ఇంటికొచ్చాక రగడ మొదలైంది. పెద్ద అమ్మాయిల బాణాలు విల్లు దగ్గరే ఆగిపోతాయని, తనవి బయటికి పొడుచుకొస్తే నవ్వుతారని మనవరాలి బాధ. మావాడు ఇంజనీరు కదా, వాడి అభ్యంతరం ఇంకోరకం. బాణం పొడవైనకొద్దీ ఎక్కువ వంగుతుందట. అది నిజమే. ఇరవై ఎనిమిది అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద గొట్టాన్నుంచి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీసి, అర అంగుళం వంగితే దానికి 500 అని నంబరిస్తారు. నంబరు పెరిగితే మెత్తన. అదే గొట్టాన్ని కురచ చేస్తే బిర్రవుతుంది. కానీ మా కోచ్ కొనేటప్పుడే ఆ రెండంగుళాలు కలుపుకునే నంబరు చెప్పారు. కాబట్టి ఆ వాదం నిలవలేదు.

అసలు భయం వేరు. పిల్ల పెరుగుతుంది, చేయి సాగుతుంది. బాణం కురచైతే లాగినప్పుడు మొన విల్లు మీది ఆనుడులోంచి వెనక్కి జారిపోతుంది. ఆ క్షణాన వదిలితే అది విల్లు పట్టుకున్న చేతిలోకే దిగొచ్చు. ఈ మాట వినగానే మా కోడలు, "రెండు కాదు మామయ్యగారూ, నాలుగుంచండి" అంది. మా అమ్మ చెల్లెలి పరికిణీకి అడుగున రెండు టక్కులు వేయించి ఏడాదికొకటి విప్పేది. కార్బన్ గొట్టానికి టక్కులెక్కడ వేస్తాం? కోచ్ మాటే ఖాయం చేశాను. ఇరవై ఆరున్నర.

కోయడానికి హాక్సా పనికిరాదు. కార్బన్ నారల్ని జిగురుతో గట్టిపరిచి చేసిన గొట్టమది, రంపం పళ్ళు ఆ నారల్ని లాగి చీలుస్తాయి. పైపు కట్టరు నొక్కేసి నెర్రె తెస్తుంది. వేగంగా తిరిగే పలచటి కటింగ్ వీలు కావాలి. ఎస్.పి. రోడ్డుకెళ్ళి చిన్నది తెచ్చాను. (ఆ రోడ్డులో ఒక వస్తువు కోసం వెళ్ళి ఒక్కటే కొనుక్కొచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.) చెక్క మీద ఒక చివర వీలు, రెండో చివర అడ్డు బిగించాను. గాడిని అడ్డుకి ఆనించి, నొక్కకుండా, బాణాన్ని వేళ్ళతో నెమ్మదిగా తిప్పుతుంటే చుట్టూ శుభ్రంగా తెగింది. పన్నెండూ ఒకే పొడవు. తెగిన అంచుని తడి ఎమరీ కాగితంతో రుద్దాను.

మీలో ఎవరైనా ఇంట్లో చేస్తే ఆ నల్లటి పొడితో జాగ్రత్త. ఊపిరితిత్తులకి చెడ్డది, ఒంటికి తగిలితే దురద. కరెంటు కూడా పారుతుంది దాంట్లో. డాబా మీద ఆరేసిన బట్టలు తీయించి, పిల్లని కిందికి పంపి, మాస్కూ కళ్ళద్దాలూ పెట్టుకుని కోశాను. చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడిచాను. ములికి అతికించేటప్పుడు ములికినే వేడిచేశాను. గొట్టానికి సెగ ఎక్కువైతే కార్బన్ చెడుతుంది.

ఇప్పుడు మనవరాలు ప్రతి బాణాన్నీ వేసేముందు చెవి దగ్గర కొద్దిగా వంచి, చిటపట వినిపిస్తుందేమో చూస్తుంది. నెర్రె ఉన్నది వదిలినప్పుడు ముక్కలై చేతిలో గుచ్చుకుంటుంది. ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు, అలవాటైపోయింది.

సంక్రాంతికి మళ్ళీ కొలిస్తే గీత ఇరవై అయిదుంపావు దగ్గర పడింది. ఏడు నెలల్లో ముప్పావు అంగుళం తినేసింది పిల్ల! గోడ మీద దాని ఎత్తు గీసేచోట మా కోడలు ఇప్పుడు బాణం కొలత కూడా రాస్తోంది.